కంపెనీ వాళ్లు కూర్చున్న సోఫా

"ఆ టీవీ తీసెయ్," అంది మేనత్త.

మేస్త్రి కదల్లేదు. సోఫా చేతికి బట్ట లాగి బిగిస్తున్నాడు. నోట్లో చిన్న మేకులున్నాయి. సోఫాలు కుట్టే మనిషి నోట్లో మేకులుంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆ సౌకర్యం ఆయనకు బాగా అలవాటైపోయింది.

"నిన్నేరా. కాసేపట్లో కంపెనీ వాళ్లొస్తారు. గోడకి ఇంత టీవీ పెట్టుకుని పిల్లని చదివించుకోలేం అంటే ఏమనుకుంటారు?"

మేస్త్రి మేకులన్నీ అరచేతిలోకి తీసుకున్నాడు.

"లేనిది లేదని చెబుదాం అక్కా. ఉన్నది ఎందుకు దాచాలి?"

"ఉన్నది చూస్తే లేనిది నమ్మరు కనక."

మేస్త్రి మేకులు మళ్లీ నోట్లో వేసుకున్నాడు.

ఆయన భార్య నేలమీద రాలిన కొబ్బరిపీచు ఊడుస్తోంది. మూడోసారి ఊడుస్తోంది. ఈ ఇంట్లో ఎంత ఊడ్చినా పీచు పోదు. అన్నంలో వస్తుంది, తలలో వస్తుంది, ఉతికిన దుప్పట్లోనూ వస్తుంది. ఆమె అటు ఆడపడుచుకి వత్తాసు పలకలేదు, ఇటు మొగుడికీ పలకలేదు. ఇద్దరి కాళ్ల చుట్టూ చీపురు తిప్పుకుంటూ పోయింది. చీపురు తగిలినవాళ్లు కాళ్లెత్తారు.

ఈ గొడవకి మూలమైన పిల్ల వంటింటి గడపలో కూర్చుని టీ తాగుతోంది. చిన్నప్పుడు ఎక్కడ కూర్చోబెట్టినా ఎగిరి లేచేదని మేనత్త దానికి స్ప్రింగు అని పేరు పెట్టింది. బళ్లో వేరే పేరుంది గానీ ఇంట్లో దానితో పిలిస్తే పలకదు.

యంత్రాలు చేసే పెద్ద కంపెనీ ఒకటి ఇంజనీరింగు చదువుకి స్కాలర్‌షిప్పులిస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టింది స్ప్రింగు. పరీక్ష రాసింది. పోయినవారం ఇంటర్వ్యూ కూడా గట్టెక్కింది. ఇక మిగిలింది ఒక్కటే. కంపెనీ మనిషి ఇంటికొచ్చి చూడాలి. నిజంగా అవసరం ఉన్న ఇల్లేనా, కాదా అన్నది ఆ మనిషే తేలుస్తుంది. అవునంటే కాలేజీ, హాస్టలు, పుస్తకాలు అన్నీ కంపెనీవే. కాదంటే వెనకాల వరసలో ఉన్న ఇంకో పిల్లకి వెళ్లిపోతుంది. వీళ్లకి ఇంకో దారి లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టే ఎవరూ పైకి అనరు.

పైకి అననిది ఇంకొకటుంది. పంపిస్తావా నాన్నా అని స్ప్రింగు అడిగినప్పుడల్లా మేస్త్రి చూద్దాం అంటున్నాడు. స్ప్రింగులు కట్టడంలో కూతురంత చెయ్యి ఆయనకింకొకటి దొరకదు. అది వెళ్తే పని సగం పడిపోతుంది. అది ఆయన చెప్పలేదు. వాళ్లు అడగలేదు.

నిన్న మాత్రం భార్య ఊరుకోలేక ఒక మాట అంది.

"చూద్దాం, చూద్దాం అని మీరు చూస్తూనే ఉండండి. అది పెళ్లై, పిల్లల్ని కని, ముసలిదై, ఇక్కడే కూర్చుని మీ స్ప్రింగులు కడుతుంది. తీరిగ్గా చూసుకోవచ్చు."

అప్పట్నుంచి ఆవిడ మొగుడితో మాట్లాడటం లేదు. కంచం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, వెళ్లిపోతుంది.

మేనత్త మాత్రం మాటల మనిషి కాదు, పనుల మనిషి. తమ్ముడు కదలకపోయేసరికి తనే కుర్చీ ఎక్కి టీవీ విప్పింది. దాని వెనక మిక్సీ వెళ్లింది. టేబుల్ ఫ్యాను వెళ్లింది. కిటికీ కర్టెన్లు వెళ్లాయి. పింగాణీ కప్పులు, ఇస్త్రీపెట్టె, చివరికి గంటకోసారి పాట పాడే గోడగడియారం కూడా వెళ్లిపోయింది. అన్నీ పక్కసందులోకి చేరాయి. పైన దుప్పటి కప్పింది.

తర్వాత మేనకోడలి మీద పడింది. కొత్త డ్రెస్సు విప్పమంది. మోచేతుల దగ్గర వెలిసిపోయింది ఒకటి తీసి చేతిలో పెట్టింది.

"వెలిసింది చాలా అత్తా, చిరిగింది కూడా వెతకనా?"

"నోరు మూసుకుని వేసుకో. వాళ్ల ముందు అడిగిందానికే జవాబు చెప్పు. పళ్లు ఇకిలించకు."

అంతా అయ్యాక మేనత్త నడుంమీద చేతులు పెట్టుకుని ముందుగది కలయజూసింది. బోసి గోడలు. బోసి కిటికీ. తృప్తిగా తల ఊపింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అంది.

ఆ గదిలో అప్పుడు మూడు సోఫాలున్నాయి. ఒకటి పళ్ల డాక్టరుగారిది. ముదురు ఎరుపు మఖమలు, సింహం పంజాల్లాంటి చెక్కుడు కాళ్లు. రెండోది లాడ్జి ఓనరుది. తెల్ల తోలుకి చుట్టూ బంగారు రంగు అంచు. మూడోది ఎవరో కొత్తగా పెళ్లైనవాళ్లది. ఇద్దరు కూర్చోడానికే అంత సోఫా ఎందుకో మేస్త్రికి అర్థం కాలేదు గానీ కుట్టాడు.

మేస్త్రి పనికో పద్ధతి ఉంది. కుట్టు పూర్తైన సోఫాని వెంటనే అప్పజెప్పడు. ముందుగదిలో వేసి ఇంటిల్లిపాదినీ వంతులవారీగా కూర్చోమంటాడు. అలా కూర్చుంటే లోపలి పీచు సర్దుకుంటుంది. ఎక్కడన్నా కిర్రుమంటే విప్పి మళ్లీ కడతాడు. స్ప్రింగు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఊళ్లో గొప్పవాళ్ల సోఫాలన్నిట్లోనూ కూర్చుని హోంవర్కు చేసింది. ఏదీ నాలుగు రోజులుండేది కాదు. ఇంటికంటూ ఒక సోఫా ఎప్పుడూ లేదు. ఉండాలని ఎవరికీ తోచలేదు కూడా.

వాళ్ల కంటికి అవి సామాను కాదు. పని. మేనత్త ఇల్లంతా ఏరి ఏరి దాచింది గానీ, ఆ మూడింటి మీదా ఆవిడ చూపు ఒక్క క్షణం కూడా నిలవలేదు.

కంపెనీ వాళ్లు చెప్పిన వేళకే వచ్చారు. ఇద్దరు. మేడం నిదానస్తురాలు, మెల్లగా మాట్లాడుతుంది. పక్కన కళ్లజోడు పెట్టుకున్న ఒక నడివయసాయన. చేతిలో ట్యాబు. గుమ్మంలో ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు.

మేనత్త గొంతు సగానికి తగ్గించింది.

"పేదిల్లమ్మా. మీలాంటివాళ్లు కూర్చోడానికి కూడా ఏమీ లేదు. ఏమనుకోకుండా ఇలా సర్దుకోండి."

అలా అంటూ ఎర్ర మఖమలు సోఫా చూపించింది.

మేడం సోఫా వైపు చూసింది. మేనత్త వైపు చూసింది. మేనత్త మొహంలో కల్లాకపటం ఏమీ కనపడలేదు. మేడం కూర్చుంది. మెత్తగా లోపలికి దిగబడింది. కళ్లజోడాయన తెల్లతోలు మీద కూర్చుని బంగారు అంచు మీద వేలితో రాసి చూశాడు. తర్వాత ట్యాబులో ఏదో కొట్టాడు.

ఇంటివాళ్లు నలుగురూ ఎదురుగా చాపమీద కూర్చున్నారు.

మేడం అడగాల్సినవన్నీ అడిగింది. ఇల్లు సొంతమా, అద్దెకా. ఎవరెవరు సంపాదిస్తారు. పని ఏడాది పొడుగునా ఉంటుందా. మేస్త్రి ఒక్కో మాటతో జవాబు చెప్పాడు. నోట్లో మేకులు లేకపోవడంతో ఆయనకి ఎలాగో ఉంది. మధ్యమధ్య మేనత్త అందుకుంది. ఎండాకాలం ఫ్యాను కూడా లేదని, అట్టముక్కతో విసురుకుంటామని చెప్పింది. మాటలో మాటగా టీవీ మొహమే ఎరగమంది.

కళ్లజోడాయన తలెత్తి గోడ చూశాడు. గోడంతా మాసి ఉంది, టీవీ అంత మేర మాత్రం తెల్లగా ఉంది. అక్కణ్ణించి ఆయన చూపు సోఫా పంజా మీదికి దిగింది. మళ్లీ ట్యాబులో కొట్టాడు. ఈసారి ఎక్కువసేపు కొట్టాడు.

ఈ మధ్య ఇంటికోసం ఏమన్నా ఖర్చు పెట్టారా అని అడిగింది మేడం. ఏమీ లేదన్నాడు మేస్త్రి. ఏమీ లేదా అని మళ్లీ అడిగింది. ఒక బకెట్టు కొన్నామంది మేనత్త.

మేడం మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. మర్యాద మాత్రం మిగిలింది. ఇంకా చూడాల్సిన ఇళ్లున్నాయని, ఏ సంగతీ ఫోనులో చెబుతారని అంది. కళ్లజోడాయన ట్యాబు మూశాడు.

మధ్యలో లేచి టీ తేవడానికెళ్లిన మేస్త్రి భార్య స్టీలు గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎక్కడో తేడా వచ్చింది. ఎక్కడో తెలియదు. మేనత్త తమ్ముడి వైపు గుర్రుగా చూసింది, సరిగ్గా జవాబు చెప్పలేదని.

స్ప్రింగు అడగకుండా మాట్లాడకూడదు కాబట్టి కళ్లజోడాయన్నే చూస్తూ కూర్చుంది. ఆయన చూపు ఎటు పోతే దాని చూపూ అటు పోయింది. ఎర్ర మఖమలు. సింహం పంజా. బంగారు అంచు. ఆ పెద్ద ఇద్దరి సోఫా. వాటికెదురుగా చాప. చాపమీద వెలిసిన డ్రెస్సులో తను.

పుట్టి పెరిగిన గదిని అది మొదటిసారి పైవాళ్ల కళ్లతో చూసింది.

ముందు భయమేసింది. ఆ వెనకే నవ్వొచ్చింది. పెదవి కొరికి పట్టుకుంది. ఆగలేదు. ముక్కులోంచి వచ్చింది. మేనత్త తొడమీద గిల్లింది. గిల్లేసరికి ఉన్నదంతా బయటికి తన్నుకొచ్చింది. కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వింది.

మేడం లేవబోయి ఆగింది.

"మేడం," అంది స్ప్రింగు ఊపిరి తీసుకుని, "ఈ సోఫాలు మావనుకుంటున్నారా?"

"కావా?"

"మావని ఎవరన్నారు?" అన్నాడు మేస్త్రి. నిజంగానే ఆశ్చర్యపోయాడు. వచ్చిన దగ్గర్నుంచి ఆయన అన్నవాటిలో అదే పొడుగు మాట.

మేనత్త మెల్లగా తల తిప్పి మూడు సోఫాలనీ చూసింది. అవి అప్పుడే గోడలోంచి ఊడిపడ్డట్టు చూసింది. చెయ్యి తనంతట తనే నోటిమీదికి పోయింది.

కళ్లజోడాయన అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. ఈ పనిలో ఆయన చాలా ఇళ్లు చూశాడు.

"అందరూ ఇదే చెబుతారమ్మా. మొన్నొకాయన గుమ్మంలో కారు బావమరిదిదన్నాడు. బావమరిది లోపల అన్నం తింటున్నాడు. అడిగితే ఆయనకి డ్రైవింగే రాదు."

అప్పుడు బయట వ్యాను హారను మోగింది. పళ్ల డాక్టరుగారి కాంపౌండరు చెప్పులు విడిచి నేరుగా లోపలికొచ్చాడు. వస్తూనే మొదలుపెట్టాడు. పొద్దున్నే పంపిస్తానన్న సోఫా ఏదని, పేషెంట్లందరూ బుగ్గలు పట్టుకుని నిలబడ్డారని, నొప్పి కంటే కాళ్ల పీకు ఎక్కువైందని తిడుతున్నారని చెప్పాడు. అప్పుడు సోఫాలో ఉన్న మేడంని చూశాడు.

"అమ్మా, కాస్త లేస్తారా? ఇది మాది."

మేడం లేచింది. ఏమనుకున్నాడో, కళ్లజోడాయన కూడా లేచాడు.

మొయ్యడానికి మనిషిని తేలేదు కాంపౌండరు. వ్యాను డ్రైవరుకి నడుం నొప్పి. మేస్త్రి ఒక కొస పట్టుకున్నాడు, కాంపౌండరు ఒక కొస. పంజాల కాళ్ల సోఫా, బరువుకి లేవనంది. స్ప్రింగు కళ్లజోడాయన దగ్గరకెళ్లింది.

"సార్, ఆ మూల ఒక్కటి పట్టుకుంటారా?"

ఆయన మేడం వైపు చూశాడు. ఆవిడ చెయ్యి చాచి ట్యాబు అందుకుంది. ఆయన చొక్కా చేతులు మడిచాడు.

సోఫాలు ఎప్పుడూ పక్కసందు లోంచే బయటికెళ్తాయి. వీధి గుమ్మం ఇరుకు. మేస్త్రి అలవాటు కొద్దీ వీపుతో సందు తలుపు నెట్టాడు.

"అటొద్దురా," అంది మేనత్త.

ఆలస్యమైపోయింది. తలుపు దుప్పటిని లాగేసింది. టీవీ, మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె, కర్టెన్ల మూట అన్నీ వెలుగులోకొచ్చాయి. గడియారం బోర్లాపడి, ఆ కుదుపుకి పాట ఎత్తుకుంది.

సోఫా సగం గుమ్మంలో ఇరుక్కుంది. ముందుకి సామాను అడ్డం. వెనక్కి లాగితే పంజా ద్వారబంధాన్ని పట్టుకుంది. కళ్లజోడాయన సందులోకి పోయి గోడకీ, టీవీకీ, మఖమలుకీ మధ్య నిలువునా నిలబడిపోయాడు. కళ్లజోడు జారింది. తోసుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

మేస్త్రి ఒకసారి ఎత్తి చూశాడు. ఒకసారి దించి చూశాడు. అక్కడ పేషెంట్ల పళ్లకి ఎవరు సమాధానం చెబుతారన్నాడు కాంపౌండరు.

స్ప్రింగు గొంతుక్కూర్చుంది. పంజా చూసింది. సందు చూసింది. మిక్సీ ఒక్కటి పక్కకి జరిపింది.

"నాన్నా, లాగకు. నిలబెట్టు."

మేస్త్రి నిలబెట్టాడు.

"వీపు గోడకి. కాళ్లు సందులోకి. ముందు ఈ కాలు పోవాలి, తర్వాత అది. సార్, మీరు తిప్పకండి. మోస్తే చాలు."

తండ్రీ కూతుళ్లకి ఆ తర్వాత మాటలక్కర్లేకపోయింది. అది చెయ్యి పెట్టిన చోట ఆయన ఎత్తాడు. పడుకున్న గేదె లేచినట్టు సోఫా లేచింది. ఒళ్లు తిప్పుకుంది. ఎక్కడా గీరుకోకుండా సందులోకి జారి, వీధిలోకెళ్లి, వ్యానెక్కింది.

కళ్లజోడాయన తిరిగొచ్చేసరికి జుట్టు నిండా పీచు. చెమటలు కారుతున్నాయి. ఇందాకటి కంటే పదేళ్లు చిన్నగా కనపడ్డాడు.

మేడం మాత్రం సందు గుమ్మంలో నిలబడి ఉంది.

"మరి ఇవెవరివి?" అని అడిగింది.

గడియారం పాట ముగించింది. మేస్త్రి తల వంచుకున్నాడు. మేనత్త లేచి ముందుకొచ్చింది. ఇందాక తగ్గించిన గొంతు మళ్లీ మామూలైపోయింది.

"అవి మావేనమ్మా. దాచింది నేను. వీడు వద్దన్నాడు, నేను వినలేదు. టీవీ ఉందంటే ఇవ్వరేమోనని భయపడ్డాను. అబద్ధం నాది. పిల్లది కాదు. ఏమన్నా అంటే నన్ననండి, దాని చదువు మీద చూపించకండి."

మేడం సందులో కుప్ప చూసింది. గదిలో మిగిలిన రెండు సోఫాలు చూసింది. పెదవి కొసన ఏదో కదిలింది.

"అంటే మీరు మీ సామానంతా దాచేసి," అంది, "ఊళ్లోవాళ్ల సామాను నాకు చూపించారు."

మొదట నవ్వింది మేస్త్రి భార్య. నిన్నట్నుంచి బిగించుకున్న మొహం ఒక్కసారి విప్పుకుంది. చేతిలో టీ ఒలికింది. ఆ నవ్వు మేనత్తకి అంటుకుంది, ఆవిడ నుంచి కళ్లజోడాయనకి అంటుకుంది. మేస్త్రి నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి. బాగా కదిలాయి.

ఫ్యాను తెచ్చి పెట్టారు. మేడం సోఫా వైపు వెళ్లకుండా వచ్చి చాపమీద కూర్చుంది. ఒలకగా మిగిలిన టీ తాగింది. స్ప్రింగుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"అది అలా తిప్పితే వెళ్తుందని నీకెలా తెలిసింది?"

స్ప్రింగు చాప పుల్ల ఒకటి గిల్లింది.

"కచ్చితంగా తెలియదండి. కంటితో అంచనా వేశాను. నాన్న ఎత్తి చూసి తెలుసుకుంటాడు. ఎత్తి, దించి, మళ్లీ ఎత్తి. రాత్రిళ్లు నడుం పట్టేస్తుంది, అమ్మ కాపడం పెడుతుంది. నాకు ఎత్తకముందే తెలియాలని ఉంటుంది. ఎంత బరువుకి ఏ స్ప్రింగు ఎంత అణుగుతుందో, కట్టకముందే తెలియాలని. అది నేర్పే చదువు ఇదే అన్నారు మా టీచరు."

కాపడం మాట వినగానే మేస్త్రి తలెత్తాడు. కూతురు ఇంజనీరింగు అన్నప్పుడల్లా అది తన పని వదిలి పారిపోవడం అనుకున్నాడాయన. అందులో తన నడుం ఉందని అనుకోలేదు.

మేడం కళ్లజోడాయన వైపు చూసింది. ఆయన జుట్టులోంచి పీచు తీసుకుంటూ తల ఊపాడు. ఇందాక కొట్టినదంతా చెరిపి మొదట్నుంచి కొట్టడం మొదలుపెట్టాడు.

"నా వరకూ సరే," అంది మేడం. "స్కాలర్‌షిప్పు ఇచ్చినట్టే. కానీ ఇంటి పెద్ద నోటితో వినకుండా నేను సంతకం పెట్టను. మేస్త్రిగారూ, పిల్లని పంపిస్తారా?"

మేనత్త అందుకోబోయి, మరదలు చెయ్యి పట్టుకుంటే ఆగింది. స్ప్రింగు తండ్రి వైపు చూడలేక చాప వైపు చూసింది. ఆయన ఏ మాట అంటాడో దానికి తెలుసు. ఆ మాటకి తల ఊపి లేవడానికి సిద్ధంగా కూర్చుంది.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ఎప్పుడు పంపాలి?"

స్ప్రింగు గబుక్కున తలెత్తింది. ఆయన దాని వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందన్నట్టు మేడం వైపే చూస్తున్నాడు.

"ఎల్లుండి," అంది మేడం.

కాలేజీ తెరిచేది తర్వాతేనట. కానీ ఎంపికైన పిల్లలకి కంపెనీ ముందుగా లెక్కల క్లాసులు చెప్పిస్తుందట. అవి ఎల్లుండే మొదలట. అక్కడే ఉండాలట.

ఎల్లుండి అనేది అంత దగ్గర్లో ఉంటుందని ఆ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. మేనత్త వెలిసిన డ్రెస్సు వైపు చూసి నాలుక కరుచుకుంది. తల్లి అప్పటికే మనసులో పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

"ఇంకో సంగతి," అంది మేడం, సంతకం పెడుతూ. "మొదటి వారం ఇంట్లోవాళ్లు ఒకరు తోడుండాలి. ఒక్కరే. మంచం ఒకటే ఇస్తారు. ఎవరొస్తారు?"

"నేను," అంది మేనత్త.

"నేను," అంది తల్లి, అదే క్షణంలో.

మూడో గొంతు కూడా కలిసింది. పని మానేసి ఒక్కరోజు కూడా ఇల్లు కదలని మనిషిది. మూడింటిలోనూ అదే గట్టిగా వినిపించింది.

ఆడవాళ్లిద్దరూ మేస్త్రి వైపు తిరిగారు. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

"నేనెళ్తా," అన్నాడు మళ్లీ.

మేనత్త తమ్ముడికెదురుగా వచ్చి చీర కొంగు నడుంలో దోపుకుంది.